ఆరు నిమిషాల హర్రాజు

సౌదీలోని ఖతీఫ్ చేపల మార్కెట్లో దలాల్, అంటే హర్రాజు వేసేవాడు, ఎవరని అడిగితే అందరూ అబూ నౌమాన్ పేరే చెబుతారు. లైసెన్సు ఆయనది. మైకు ఆయనది. మైకు పక్కన మడత కుర్చీ ఆయనది. ఆ కుర్చీలో కూర్చుని ఏలకుల గావా కాఫీ తాగే కష్టం కూడా ఎవరికీ అప్పజెప్పకుండా తనే పడతాడు. ఇక మిగిలింది అరవడం. అది ఇస్సాకు పని.

ఇస్సాకుది నిజాంపట్నం. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు ఎక్కాలు అప్పజెప్పమంటే, వెనకాల కుక్క తరుముతున్నట్టు ఒక్క ఊపిరిలో అప్పజెప్పి తన్నులు తిన్నాడు. ఆ రోజే బడి మానేసి రేవులో హర్రాజు దగ్గర నిలబడ్డాడు. బడిలో తన్నులు తెచ్చిన నోటికే అక్కడ కూలి దొరికింది. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. పదిహేడేళ్ళుగా ఖతీఫులో పొద్దున్నే గంప ముందు నిలబడి, మొదటి అంకె అరబీలో, పై అంకె ఉర్దూలో, ఊపిరి తీసుకునే చోట తెలుగులో ఒక తిట్టు వేసి సరుకు అమ్ముతున్నాడు. తిట్టు ఎవరికీ అర్థం కాదు కాబట్టి అదేదో దీవెన అనుకుంటారు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు మీద మాత్రం అతను లోడింగ్ వర్కరు.

హర్రాజుకి కొన్ని పద్ధతులున్నాయి. ఖాళీ గంప మీద కేక వెయ్యకూడదు, వేస్తే గొంతు పోతుందంటారు. చెయ్యి లేస్తే ధర పెట్టినట్టే. రెండు చేతులు గాలిలో ఉండగా బేరం కొట్టెయ్యకూడదు, కొట్టేసినవాడిని మర్నాటి నుంచి ఎవరూ నమ్మరు. చివరి చెయ్యి ఎవరిదో వాడు నలుగురి ఎదుటా దానికి కట్టుబడాలి. ఇవన్నీ మామూలు మనుషులకి. అబూ నౌమానుకి ఇంకో పద్ధతి ఉంది. ధర మందకొడిగా ఉన్నప్పుడు తన సరుకు మీద తనే, కుర్చీలో జారబడి, గడ్డం గోక్కుంటున్నట్టు రెండు వేళ్ళు లేపుతాడు. ఇంకెవడో ధర ఎక్కించగానే దించేస్తాడు. ఆ రెండు క్షణాలూ ఇస్సాకు పైకప్పు రేకుల వంక చూస్తాడు. జీతంలో అది కూడా ఉంది.

నెల మొదట్లో అబూ నౌమాన్ కొడుకు మార్కెట్టుకి వచ్చాడు. పేరు నౌమాన్, ఇరవై నాలుగేళ్ళు. హిప్‌హాప్ పాటగాడు. అలాగని వాడే చెప్పుకుంటాడు. తండ్రి విల్లాలో మూడో అంతస్తు ఏసీ గదిలో కూర్చుని బతుకు కష్టాల మీద పాటలు కడతాడు. ఆ రోజు ముక్కుకి రుమాలు కట్టుకుని, ఇస్సాకు కేకలు ఫోన్లో పట్టుకుని, వాటి కింద డప్పు మోతలాంటిది ఒకటి పెట్టి జనం మీదకి వదిలాడు. లక్షమంది చూశారు. ఊళ్ళో చలికాలం పండగ జరిపించేవాళ్ళు నౌమానుకి ఫోన్ చేసి, ఆ చేపలాయన్ని తీసుకొస్తే నీకూ పది నిమిషాలిస్తాం అన్నారు.

ఈ సంగతి అబూ నౌమాన్ నోట్లో పడేసరికి తలకిందులైంది.

"యా ఇసాక్," అన్నాడు, సగం అరబీ సగం ఉర్దూ కలిసిన మార్కెట్టు భాషలో. "నా కొడుకు నీకు స్టేజీ ఇస్తున్నాడు. గురువారం, సముద్రపొడ్డున కార్నిష్ మీద. జెద్దా నుంచి పెద్ద పాటగాడొస్తున్నాడు. ముందు నువ్వు, తరవాత నౌమాన్, ఆఖర్న ఆయన."

"నేనక్కడేం చేస్తాను బాబా?"

"రోజూ చేసేదే. ఆరు నిమిషాలు కేకలెయ్యి. జనాన్ని లేపి పక్కకి తప్పుకో. వాళ్ళు లేచి ఉండగానే నా కొడుకు రావాలి." ఆగి గావా చప్పరించాడు. "ఒకటో తారీఖు నుంచి షెడ్డులోకి కంప్యూటర్ బోర్డు వస్తోంది, తెలుసుగా? కొనేవాళ్ళు ఫోన్లో నొక్కుతారు, ధర బోర్డు మీద పడుతుంది. అరిచే మనిషి అక్కర్లేదు. నీ ఇకామా కూడా నెలాఖరుకే అయిపోతోంది. నౌమాన్ షో బాగా జరిగిందా, తజ్దీద్. ముష్కిల్ అయిందా, ఖురూజ్."

తజ్దీద్ అంటే ఇకామా కొత్తదవుతుంది. ఖురూజ్ అంటే ఒకవైపు టికెట్టు. పదిహేడేళ్ళలో ఇస్సాకు నేర్చుకున్న అరబీలో తప్పు పట్టడానికి వీల్లేని మాటలు ఈ రెండే.

ఐసు మిషను దగ్గర తోటి కూలీ కడప బాషా కాచుకుని ఉన్నాడు.

"ఏందన్నా, హిప్పుహాపంట? నడుం కిందికి జారే ప్యాంటేస్కోని పోతావా?"

"నాది ఎప్పుడూ జారతానే ఉంటది బాషా. నువ్వు ఇప్పుడు చూశావు."

"ఆ పిల్లోని పాట నేను ఇన్న్యాలే. వాని కష్టాలు ఇంటే కండ్లల్లో నీళ్ళొచ్చినాయ్. వాళ్ళ నాయన ఈ యేడు కూడా పాత కారే తోలుకోమన్యాడంట."

"పాపం. ఎంత పాతది?"

"పోయినేడాదిది."

ఆ కుర్రాడి కష్టానికి ఇద్దరూ కాసేపు మౌనం పాటించారు.

ఇంటి దగ్గర మౌనం దొరకలేదు. ఇస్సాకు భార్య జ్ఞానమణి నర్సు. పదకొండేళ్ళు ఆవిడ హఫర్ అల్ బాతిన్ ఆస్పత్రిలో, అతను ఖతీఫులో. ఒకే దేశంలో ఉండి, ఊరికి సెలవు మీద వెళ్ళినప్పుడు కాపరం చేసిన జంట. పోయిన ఏడాదే ఆవిడకి ఖతీఫ్ బదిలీ అయింది. ఇప్పుడు అతనికి ఖురూజ్ పడితే ఆవిడ ఉద్యోగం ఇక్కడ, అతను నిజాంపట్నంలో.

గురువారం మధ్యాహ్నం చొక్కా ఇస్త్రీ చేస్తూ అంది: "ఏవయ్యా, ఆరు నిమిషాలన్నారంటగా. ఆరో నిమిషానికి నోరు మూసుకోడం వచ్చా నీకు?"

"పెళ్ళయిన కాడ్నుంచీ నీ దగ్గర అదేగా నేర్చుకుంటన్నాను."

"ఎటకారాలాపు. హఫరులో పదకొండేళ్ళు గోడ మీద క్యాలెండరు చూసుకుంటా పడున్నా. ఈ బదిలీ కోసం ఎంతమందిని బతిమాలానో ఆ ప్రభువుకి తెలుసు. నువ్వు విమానం ఎక్కావంటే మళ్ళీ నేను క్యాలెండరుతో కాపరం చెయ్యాలి."

"మంచిదేగా. అది ఎదురు చెప్పదు."

ఇస్త్రీ పెట్టె చొక్కా మీద నుంచి గాలిలోకి లేచి అక్కడే ఆగింది. ఇస్సాకు ఒక చెయ్యి నలిగిన చొక్కాతోనే బయటపడ్డాడు.

కార్నిష్ మీద స్టేజీ చూస్తే కళ్ళు తిరిగాయి. ఇన్ని దీపాలు రేవులో ఉంటే పడవలు దారి తప్పేవి. స్టేజీ వెనక హైదరాబాదు పిల్ల సురయ్యా, కార్యక్రమం నడిపే కంపెనీ మనిషి, చెవిలో వైరుతో అటూ ఇటూ పరుగులు పెడుతోంది. ఇస్సాకు నెత్తి మీద గంప చూసి ఆగిపోయింది.

"అంకుల్, అదేంది?"

"హమూరు చేప."

"రియల్ ఫిషా?"

"ఖాళీ గంప మీద నేను కేక వెయ్యనమ్మా."

"అయ్యో అంకుల్! కింద మొత్తం వైరింగ్ ఉన్నది. ఐస్ కరిగితే ఏం కావాలె? మీ కోసం థర్మోకోల్ ఫిష్ చేపిచ్చినం గద, కలర్‌ల, ఇంత పెద్దది!"

"దాన్ని నువ్వు పులుసు పెట్టుకో తల్లీ."

ఆఖరికి గంప కింద ప్లాస్టిక్ పట్టా పరిచేట్టు ఒప్పందం కుదిరింది. "జర వినుండ్రి అంకుల్," అంది సురయ్యా వేళ్ళు మడుస్తూ. "ఆరూ ఐదుకి ఎక్కాలె, ఆరూ పదకొండుకి దిగాలె. తర్వాత నౌమాన్ సార్‌ది టెన్ మినిట్స్. ఆరున్నరకు ఇషా అజాన్. అజాన్ అనంగనే సౌండ్ కట్. నమాజ్ అయినంక డైరెక్ట్ జెద్దా ఆర్టిస్టే. నేను సైడ్‌ల నిలవడి సిగ్నల్ ఇస్త, నా దిక్కు చూస్తుండుండ్రి."

"చూస్తానమ్మా. చేతులు చూడటమే కదా నా పని."

ముందు వరసలో సోఫాలు వేశారు. నడుమ సోఫాలో అబూ నౌమాన్, గంజి పెట్టిన తెల్ల తోబు అంగీలో, పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చున్నాడు. చుట్టూ మార్కెట్టు వర్తకులు పదిమంది. కొడుకు వైభోగం చూడమని ఆయనే పనిగట్టుకుని పిలుచుకొచ్చాడు. వెనక నాలుగు వేల మంది కుర్రకారు.

ఆరూ ఐదుకి మోత మొదలైంది. ఇస్సాకు గంప మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసుకుని, నోరు విప్పాడు.

"హమూర్, హమూర్! సముద్రం వాసన పోలేదు! ఖమ్సీన్, పచాస్ కే ఊపర్ సాఠ్, సబ్ఈన్, ఎవడ్రా అక్కడ నిద్రపోయేది, మియ్యా!"

కేక మోత మీద పడింది. రెండూ ఒకే తల్లి పిల్లల్లా కలిసిపోయాయి. జనం గోల చేశారు. చేతులు లేచాయి.

హిప్‌హాప్ జనానికి మోత వినపడితే చెయ్యి దానంతటదే లేచి ఊగుతుందని ఇస్సాకుకి ఎవరూ చెప్పలేదు. నౌమాన్ చెప్పలేదు, సురయ్యా చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని వాళ్ళకి తోచలేదు. ఖతీఫ్ షెడ్డులో అతను ఒకేసారి చూసిన చేతులు మహా అయితే ఇరవై రెండు, అదీ రంజాను ముందురోజు. ఇప్పుడు నాలుగు వేలు. మొదట ఒళ్ళు పులకరించింది. మూడో నిమిషానికి భయం వేసింది. ఇన్ని చేతులు గాలిలో ఉండగా బేరం ఎలా కొట్టెయ్యడం?

ధర పెంచితే దిగుతాయనుకున్నాడు. ఐదొందలన్నాడు. దిగలేదు. వెయ్యన్నాడు. ఇంకాస్త పైకి లేచి ఊగాయి. ఒక్క గంప హమూరుకి రెండు వేలన్నాడు, బుద్ధున్నవాడెవడూ కొనని ధర. జనం ఎగిరి గంతులేశారు. అరబ్బుల దగ్గర డబ్బుందని విన్నాడు గాని, మరీ పిల్లల జేబుల్లో కూడా ఇంత ఉందని అనుకోలేదు.

పక్క తెర చాటు నుంచి సురయ్యా ఐదు వేళ్ళు చూపించింది. ఐదు నిమిషాలు ఎక్కువైందని ఆవిడ భావం.

"అక్కడ ఇంకో ఐదొందలు!" అని అందుకున్నాడు ఇస్సాకు.

ఆవిడ హడలిపోయి రెండు చేతులూ ఊపింది. వెయ్యి కలిపాడు. ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆ పిల్ల మరీ మొండిదని అనుకుని ఇంకో రెండు వేలు ఎక్కించాడు. ఆవిడ పక్కన నౌమాన్, మెడలో తాడంత గొలుసుతో, చేతిలో మైకుతో, పెదవులు కదుపుతూ నిలబడి ఉన్నాడు. అందమైన కుర్రాడు. గడియారం వంక చూస్తూ క్షణక్షణానికీ చిన్నవాడైపోతున్నాడు.

ధర తొమ్మిది వేలకి చేరింది. ఇస్సాకు గొంతు గరగరలాడింది. దాంతోపాటు కోపం వచ్చింది. చేతులకి ఖర్చా, పాడా, ఎత్తేస్తే సరా? మోత వేసేవాడికి ఆపమని సైగ చేశాడు. గప్‌చిప్ అయింది.

"వినండి!" అన్నాడు తనకొచ్చిన అరబీలో. "చెయ్యి ఎత్తినవాడు గంప ఎత్తాలి. తొమ్మిది వేల రియాళ్ళు. జేబులో ఉన్నవాళ్ళ చేతులే ఉంచండి."

చేతులు దిగాయి. అల వెనక్కి తీసినట్టు ఒకటే ఊపున, నవ్వులతో సహా దిగాయి. ఒక్క చెయ్యి మిగిలింది. ముందు వరసలో, నడుమ సోఫాలో, గడ్డం పక్కన, రెండు వేళ్ళు. దీపాలు తిప్పేవాడు ఏమనుకున్నాడో ఏమో, వెలుగంతా తెచ్చి దాని మీద పెట్టాడు.

అబూ నౌమాన్.

తన సరుకు ధర ఎక్కుతుంటే చెయ్యి కట్టుకుని కూర్చోవడం ఆయన ఒంట్లో లేదు. మొదటి మోతకే లేపాడు. చుట్టూ నాలుగు వేల చేతులుండటంతో దించే అవసరం కనపడలేదు. కొడుకు వంతెప్పుడో గుర్తు లేదు. గంపే గుర్తుంది.

స్టేజీ పక్కన గడియారం ఆరూ ఇరవై ఏడు చూపిస్తోంది. ఇస్సాకుకి అప్పుడు అర్థమైంది. కుర్రాడి పది నిమిషాలు అయిపోయాయి. ఇక అజానే. షో ముష్కిల్ అయింది, కాబట్టి ఖురూజ్. మణి గోడకి మళ్ళీ క్యాలెండరు.

అలవాటు కొద్దీ రేకుల వంక చూద్దామని తల ఎత్తాడు. పైన రేకుల్లేవు, ఆకాశం ఉంది. తల దించి, పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ రెండు వేళ్ళ వంకే నేరుగా చూశాడు.

"బాబా," అన్నాడు మైకులో. "గంపా నీదే, చెయ్యీ నీదే. నీ డబ్బు ఆ జేబులోంచి తీసి ఈ జేబులో పెట్టుకుంటే నాకేంటి? ధర మారుస్తున్నా." గంప మూత మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. "సనా! నా ఇకామా ఒక్క సంవత్సరం! సనా, సనా, ఎవరిస్తారు సనా?"

మోత మళ్ళీ అందుకుంది. కుర్రకారుకి ఏం అమ్ముతున్నాడో తెలియదు, అక్కర్లేదు కూడా. "సనా! సనా!" అని నాలుగు వేల గొంతులు లేచాయి. సోఫాల్లో వర్తకులకి మాత్రం మొదటి మాటకే అంతా తెలిసింది. ఒకాయన తొడ మీద చరుచుకుని పగలబడి నవ్వాడు. ఇంకొకాయన అబూ నౌమాన్ చెవి దగ్గరకి వంగి, జనానికి కూడా వినపడేట్టు అరిచాడు: "దించకు అబూ నౌమాన్! మొన్న నీ దగ్గర నేను కొన్న సుభైటీ చేపల గంప ధర పెరిగింది ఈ రెండు వేళ్ళకేనా? దించావా, రేపటి నుంచి నీ గంప మాకొద్దు!"

"సనతేన్!" ఇస్సాకు అందుకున్నాడు. "రెండేళ్ళు!"

"సనతేన్!" అంది కార్నిష్ అంతా.

అబూ నౌమాన్ చెయ్యి గడ్డానికీ ఒడికీ మధ్య వేలాడింది. దించితే ఇన్నేళ్ళూ గోక్కున్నది గడ్డం కాదని ఒప్పుకున్నట్టు. ఉంచితే రెండేళ్ళు. కొడుకు మొహం వంక ఒక్కసారి చూశాడు, వర్తకుల మొహాల వంక రెండుసార్లు చూశాడు. వర్తకుడు కదా. చెయ్యి ఉంచాడు.

"ఏక్, దో, ఖలాస్!" ఇస్సాకు మూత మీద కొట్టాడు.

అజాన్ మొదలైంది. మైకు చచ్చిపోయింది. దీపాలు తగ్గాయి. జనం చేతులు దింపుకుని మర్యాదగా నిలబడ్డారు.

మెట్లు దిగుతుంటే సురయ్యా ఎదురొచ్చింది. ఏడుపు గొంతుతో, "సిక్స్ మినిట్స్ అంటి అంకుల్! ఐదు వేళ్ళు చూపిస్తి గద!" అంది.

"వేసుకున్నా కదమ్మా, ఐదొందలు."

"అవి నిమిషాలు అంకుల్!"

"మాకు వేళ్ళకి నిమిషాలుండవు తల్లీ."

నౌమాన్ అక్కడే, మైకు రెండు చేతులతో పట్టుకుని, ప్రసాదం అందని పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. "అంకల్, మరి నా పాట?" అన్నాడు.

ఇస్సాకుకి జాలేసింది. అదే చిక్కు. కోపం వస్తే బాగుండేది. "ఇన్నాళ్ళకి నీకూ ఓ కష్టం వచ్చింది బాబూ, దాని మీద కట్టుకో," అని తెలుగులో అన్నాడు. నౌమాన్ దీవెన అనుకుని తల వంచాడు.

ఆదివారం పొద్దున ఫోనుకి మెసేజీ వచ్చింది. ఇకామా రెండేళ్ళకి కొత్తదైంది. ఇస్సాకు దాన్ని జ్ఞానమణికి పంపాడు. డ్యూటీ మధ్యలో జవాబు పెట్టింది: "సరే. వచ్చేటప్పుడు పెరుగు తే." ఆ పెరుగు మాట దగ్గర అక్షరాలు కాస్త మసకబారాయి. ఐసు పొగని తిట్టుకున్నాడు.

షెడ్డులో నిచ్చెన వేసి ఇద్దరు బెంగాలీలు బోర్డు బిగిస్తున్నారు. అబూ నౌమాన్ కుర్చీలోనే ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దురద వేసినా గోక్కోకుండా.

"నా మాట నిలబెట్టుకున్నాను ఇసాక్."

"అల్లా మీకు మేలు చేస్తాడు బాబా."

"సంవత్సరాలు అడిగావు. పని ఏమిటో అడగలేదు." ఇన్నేళ్ళ వర్తకం ఆయన మొహంలోకి తిరిగి వచ్చింది. "ఇక్కడ నీకు పని లేదు. పండగలవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, చేపలాయన కావాలంట. నౌమాన్ లేకపోతే చేపలాయన లేడని చెప్పాను. రేపు ఉనైజా. పై వారం హఫర్ అల్ బాతిన్. రెండేళ్ళూ నువ్వు ముందు, వాడు తరవాత. కారు కూడా నువ్వే నడుపు."

హఫర్ అల్ బాతిన్! భార్య అక్కడున్న పదకొండేళ్ళలో వెళ్ళి చూసి రావడానికి రెండు రోజుల సెలవు దొరకని ఊరు. ఇప్పుడు పెట్రోలు పోసి మరీ పంపిస్తున్నారు. దేవుడు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ ఇంతే, వరుస తప్పకుండా తప్పుగా ఇస్తాడు.

సోమవారం తెల్లవారగానే బయల్దేరారు. పోయినేడాది కారు. నౌమాన్ ముందు సీట్లో కూర్చుని, ఏసీ పెంచి, కాసేపు బయటికి చూశాడు.

"గురువారం ఎవరూ వినలేదు కదా," అన్నాడు. "నువ్వు వింటావా అంకల్?"

అద్దాలు మూసి ఉన్నాయి. ఎదర దారి ఏడు గంటలు. "విననా మరి," అన్నాడు ఇస్సాకు.

పది నిమిషాలు మోగింది. నాన్నకి నేను అర్థం కాను అని ఉంది, మనసు ఎడారి అని ఉంది, ఎండ అని ఉంది. ఎండ మాట వచ్చినప్పుడు చలేసి నౌమాన్ ఏసీ తగ్గించాడు. అంతా అయ్యాక ఇటు తిరిగి, పరీక్ష కాగితం దిద్దించుకునే పిల్లాడి మొహంతో అడిగాడు.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

నిజం ఇస్సాకు నాలుక చివరిదాకా వచ్చింది, మంచి తెలుగులో వచ్చింది. రెండేళ్ళంటే ఎన్ని ఊళ్ళో, ఎన్ని గంటల దారో గుర్తొచ్చి అక్కడే మింగేశాడు.

"ముంతాజ్," అన్నాడు, అరబీలో బ్రహ్మాండమని.

నౌమాన్ మొహం వెలిగిపోయింది. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.